తేదీ ఆఖరిదే, స్టేటస్ మాత్రం పాతది

కన్నా,

ప్రతి కస్టమర్‌కీ ఆఖరి పేమెంట్ ఏమైందో చూపించే రిపోర్టు నీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో అంత గుబులూ పుట్టింది. నిద్రపట్టక ఇది రాస్తున్నా.

కస్టమర్ల టేబుల్‌నీ పేమెంట్ల టేబుల్‌నీ కలిపే జాయిన్ నీకు వచ్చు. అసలు పేమెంటే లేనివాళ్లు కూడా కనిపించాలి కాబట్టి లెఫ్ట్ జాయిన్ పెట్టు.

నా భయమంతా రికార్డుల్ని గ్రూపులుగా చేసే గ్రూప్ బై గురించే. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేం మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ 5.0 వెర్షన్ వాడేవాళ్లం. కస్టమర్ ఐడీ మీద గ్రూప్ చేసి, తేదీకి మ్యాక్స్ (అన్నిటికన్నా పెద్ద విలువ) పెట్టి, పక్కనే స్టేటస్ కాలమ్ ఊరికే రాసేశాను. ఎర్రర్ రాలేదు. తేదీ ఆఖరిదే వచ్చింది కదా, స్టేటస్ కూడా ఆ రికార్డుదే అనుకున్నా. కాదు నాన్నా! మ్యాక్స్ తేల్చేది తేదీ ఒక్కటే, స్టేటస్ ఆ గ్రూపులో ఏ రికార్డుదైనా రావచ్చు. ఒకావిడకి మూడు రికార్డులున్నాయి: 3న ఫెయిల్డ్, 5న ఫెయిల్డ్, 9న పెయిడ్. నా రిపోర్టులో 9వ తేదీ, పక్కన ఫెయిల్డ్. డబ్బు కట్టేసిన మనిషికి కట్టలేదని నోటీసు వెళ్లింది. ఆవిడ రసీదు పట్టుకొచ్చి "నేను అబద్ధమాడుతున్నానా అమ్మా?" అని అడిగింది. ఆ కాగితం ఆవిడ చేతిలో వణకడం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

5.7 వెర్షన్ నుంచి, ముందే పెట్టి ఉండే ఒక సెట్టింగ్ వల్ల, అలాంటి క్వెరీకి మామూలుగా ఎర్రర్ వస్తుంది. చిరాకుపడి ఆ సెట్టింగ్ తీసేశావో, ఊరుకోను, చెప్తున్నా!

మ్యాక్స్ తేదీని సబ్‌క్వెరీలో, అంటే క్వెరీ లోపలి క్వెరీలో తీసి, మళ్లీ పేమెంట్ల టేబుల్‌కి కలపొచ్చు. కానీ ఒకే టైముతో రెండు పేమెంట్లు పడితే ఆ కస్టమర్ రెండుసార్లు వస్తాడు. నీ దగ్గర 8.0 ఉందట కదా, హాయిగా రో నంబర్ వాడుకో, అది ఒక్కో గ్రూపులో రికార్డులకి 1, 2, 3 అని వరస నంబర్లు వేస్తుంది. పార్టిషన్ బై కస్టమర్ ఐడీ (ఒక్కో కస్టమర్‌కి ఒక గ్రూపు), ఆర్డర్ బై తేదీ డిసెండింగ్ (కొత్తది ముందు), ఆ తర్వాత పేమెంట్ ఐడీ డిసెండింగ్. టై పడినప్పుడు తేల్చేది ఆ ఐడీయే, మర్చిపోకు. దీన్ని సబ్‌క్వెరీగా పెట్టి కస్టమర్లకి లెఫ్ట్ జాయిన్ చెయ్యి, నంబర్ 1 కావాలన్న కండిషన్ జాయిన్‌కి జత చూసే ఆన్‌లో రాయి. జాయిన్ అయ్యాక వడపోసే వేర్‌లో రాశావంటే పేమెంట్ లేనివాళ్లు చడీచప్పుడు లేకుండా మాయమైపోతారు, నువ్వు పెట్టిన లెఫ్ట్ జాయిన్ వృథా.

పంపేముందు, కట్టలేదని వచ్చినవాళ్లలో ఓ పదిమంది రికార్డులు విడిగా తెరిచి నీ కళ్లతో చూడు. అన్నం మానేసి మరీ కూర్చోకు. అర్ధరాత్రయినా సరే, అనుమానం వస్తే ఫోన్ చేసి క్వెరీ చదివి వినిపించు, నేను మెలకువగానే ఉంటా.

మీ పిన్ని