అలల దెబ్బలు తినే వెల్డ్ ఎన్నేళ్లు నిలుస్తుంది?

సముద్రంలోని ఉక్కు ప్లాట్‌ఫామ్ మీద అలల లోడ్ ఒక్కో క్షణం ఒక్కోలా ఉంటుంది కదా, మరి వెల్డ్ ఫెటీగ్ లైఫ్ (పదేపదే పడే లోడ్‌కు అలసి పగిలేదాకా ఉండే ఆయుష్షు) ఎలా లెక్కగట్టాలి అన్నది ప్రశ్న.

ప్రతి అలనూ వెంటాడక్కర్లేదు. స్ట్రెస్ (ఉక్కు లోపలి ఒత్తిడి) దాదాపు ఒకే ఫ్రీక్వెన్సీ చుట్టూ ఊగుతూ గాసియన్‌గా (గంట ఆకారపు సంభావ్యతతో) ఉంటే, దాని శిఖరాలు రేలీ డిస్ట్రిబ్యూషన్ అనే సంభావ్యత సూత్రాన్ని అనుసరిస్తాయి. దీనికి మైనర్ సూత్రం (1945) కలపాలి: ఒక్కో సైకిల్ తన వంతు ఆయుష్షు తినేస్తుంది, ఆ వంతుల మొత్తం 1 అయితే వెల్డ్ పోయినట్టే.

లెక్క చేసి చూద్దాం. 71 ఎంపీఏ (మెగాపాస్కల్, స్ట్రెస్ కొలమానం) రేంజ్ (ఒక సైకిల్‌లో స్ట్రెస్ గరిష్ఠ, కనిష్ఠాల తేడా) దగ్గర 20 లక్షల సైకిళ్లు ఓర్చే వెల్డ్, ఎస్-ఎన్ కర్వ్ (ఏ రేంజ్‌కు ఎన్ని సైకిళ్లు ఓర్చుతుందో చూపే గీత) వాలు అంతటా 3, అంటే ఓర్చే సైకిళ్లు రేంజ్ ఘనానికి విలోమంగా మారతాయి అనుకుందాం. స్ట్రెస్ స్టాండర్డ్ డీవియేషన్ 10 ఎంపీఏ అయితే, రేలీ ప్రకారం రేంజ్ ఘనం సగటు సుమారు 30,000. అంటే దాదాపు 2.4 కోట్ల సైకిళ్లు. 5 సెకన్లకో అల చొప్పున 3.8 ఏళ్లు. అదే డీవియేషన్ 5 అయితే 30 ఏళ్లు! సగం తగ్గితే ఆయుష్షు 8 రెట్లు. కాబట్టి మీ శ్రమంతా స్ట్రెస్‌ను సరిగ్గా అంచనా వేయడం మీదే పెట్టండి, నా సలహా ఇదే.

ఫ్రీక్వెన్సీలు బాగా కలగలిసి ఉంటే రేలీ లెక్క సాధారణంగా ఆయుష్షును తక్కువ చేసి చూపిస్తుంది. అప్పుడు కలగలిసిన ఫ్రీక్వెన్సీలకు పనికొచ్చే డిర్లిక్ సూత్రమో, స్ట్రెస్ రికార్డు చేతిలో ఉంటే అందులోంచి సైకిళ్లను ఏరి లెక్కపెట్టే రెయిన్‌ఫ్లో కౌంటింగో వాడండి. మైనర్ మొత్తం కచ్చితంగా 1 దగ్గరే ఆగదు. అందుకే దాన్నీ లాగ్‌నార్మల్ (లాగరిథమ్ గాసియన్‌గా ఉండే) చలరాశిగా తీసుకుని, 20 ఏళ్లలోపు విఫలమయ్యే సంభావ్యత ఎంతో చెప్పడం మేలు.