భరోసా, హామీ, పూచీ ఒకటేనా?

సందేహం: ఉక్రెయిన్ యుద్ధ వార్తల్లో ‘భద్రతా హామీలు’ అనే మాట తరచూ వస్తోంది. అదే ఒకచోట ‘భరోసా’ అవుతోంది, ఇంకోచోట ‘గ్యారంటీ’ అవుతోంది. అమెరికా చేసే పనికే మద్దతు, సాయం, దన్ను, వత్తాసు అని నాలుగు రకాలుగా రాస్తున్నారు. ఐక్యరాజ్యసమితి ఓటింగుకు భారత్ ‘గైర్హాజరైంది’ అని ఒకరు, ‘తటస్థంగా ఉంది’ అని ఇంకొకరు. ఇవన్నీ పర్యాయపదాలేనా? తేడా పాటించాలా?

సమాధానం: పర్యాయపదాలు కావు. మామూలు వార్తలో ఒకదాని బదులు ఇంకొకటి పడితే కొంప మునగదు. దౌత్యంలో మాత్రం మునుగుతుంది. ఉక్రెయిన్ విషయంలోనే ఆ ఉదాహరణ ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక దాని అణ్వాయుధాల్లో గణనీయమైన భాగం ఉక్రెయిన్ నేల మీద ఉండిపోయింది. వాటిని వదులుకోవడానికి ఉక్రెయిన్ ఒప్పుకుంది. బదులుగా 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో అమెరికా, బ్రిటన్, రష్యా దానితో కలిసి ఒక పత్రం మీద సంతకాలు చేశాయి. ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామనీ, దాని మీద బలప్రయోగం చేయబోమనీ అందులో రాసుకున్నారు. ఆ పత్రం ఇంగ్లీషు ప్రతిలో ఉన్న మాట ‘అష్యూరెన్స్’, అంటే భరోసా. ఉక్రెయినియన్, రష్యన్ ప్రతుల్లో ఉన్నది మాత్రం ‘గ్యారంటీ’కి సమానమైన మాట. ఇది అనువాదకుల నిర్లక్ష్యం అనుకోకండి. గ్యారంటీ అంటే దాడి జరిగినప్పుడు సైన్యాన్ని పంపాల్సి వస్తుందని అమెరికా దౌత్యవేత్తలకు తెలుసు. అందుకే ఆ మాట జోలికి పోలేదు. 2014లో రష్యా క్రిమియాను కలిపేసుకుంది. 2022 ఫిబ్రవరి 24న పూర్తి స్థాయి దాడికి దిగింది. సంతకం చేసినవాడే దండెత్తి వస్తే మిగతా ఇద్దరు ఏం చేయాలో ఆ పత్రంలో గట్టిగా లేదు. భద్రతా మండలికి వెళ్లడం, సంప్రదింపులు జరపడం, అంతే. ఆ మండలిలో తీర్మానాన్ని ఒంటరిగా ఆపగల వీటో ఉన్న దేశాల్లో రష్యా ఒకటి.

ఈ రెండు మాటలకూ తెలుగు పత్రికల్లో కనిపించేది ఒక్కటే: ‘హామీ’. అందుకే ఉక్రెయిన్ నాయకులు ‘మాకు అప్పటి లాంటి హామీలు వద్దు, హామీలు కావాలి’ అంటున్నారన్నట్టుగా వార్త తయారవుతుంది. చదివేవాడికి తల తిరుగుతుంది.

నిజానికి మనకు మాటల కరవు లేదు. భరోసా, హామీ, పూచీ అని మూడు మెట్లున్నాయి. తేడా తెలియాలంటే వాటి పక్కన వచ్చే క్రియలను చూడండి. భరోసా ‘కలుగుతుంది’. ఇచ్చేవాడు ఇచ్చినా, అసలు పని జరిగేది పుచ్చుకున్నవాడి మనసులో. హామీ ‘ఇస్తాం’. ఇచ్చాక నెరవేర్చవచ్చు, తప్పవచ్చు. ‘హామీ తప్పాడు’ అనడం తెలుగులో ఎంత సహజమో చెప్పనక్కరలేదు. పూచీ మాత్రం ‘పడతాం’. ‘నాదీ పూచీ’ అన్నవాడి మెడకు అది చుట్టుకుంటుంది. అవతలివాడు ఎగ్గొడితే వీడు కట్టాలి. ‘పూచీ తప్పాడు’ అనే మాట వినిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు, పూచీ పడ్డాక తప్పుకోవడానికి దారి ఉండదు.

హామీకి కూడా ఒకప్పుడు ఈ బరువు ఉండేది. అప్పు పత్రాల్లో ‘హామీదారు’ అంటే ఇప్పటికీ పూచీపడినవాడే. రాజకీయ ప్రసంగాల్లో అరిగి అరిగి ఆ మాట పలచబడింది. గ్యారంటీ సంగతి ఇంకా అన్యాయం. ‘గ్యారంటీగా వస్తాడు’ అంటే ‘తప్పకుండా వస్తాడు’ అనే అర్థం తప్ప, రాకపోతే నష్టపరిహారం ఎవరూ ఇవ్వరు.

కాబట్టి నా సలహా ఇది. ఒప్పందంలో ఏముందో ఇంకా తేలనప్పుడు ‘హామీ’ వాడుకోండి. బుడాపెస్ట్ పత్రం లాంటిదానికి ‘భరోసా’ చాలు. దాడి జరిగితే తామూ రంగంలోకి దిగుతామని కట్టుబడితేనే ‘పూచీ’ అనాలి. నాటో ఒప్పందం అయిదో అధికరణను పూచీ అనవచ్చా అని మీరు అడగవచ్చు. ఒకరి మీద దాడి అందరి మీద దాడిగా భావిస్తామని 1949 నాటి ఆ అధికరణ అంటుంది. కానీ వెంటనే, ఒక్కో దేశం తనకు అవసరమని తోచిన చర్య తీసుకుంటుందని కూడా అంటుంది. అంటే పూచీలోనూ ఒక కిటికీ తెరిచి ఉంచారు. అయినా లోకం దాన్ని పూచీగానే చూస్తోంది కనుక అనవచ్చు.

ఇంకొక మాట. ‘భద్రతా మండలి’లో రెండూ సంస్కృత పదాలే, పేచీ లేదు. ‘భద్రతా హామీ’లో రెండోది ఉర్దూ నుంచి వచ్చింది. పాత వ్యాకర్తలు ‘భద్రతా’ చివరి దీర్ఘం చూసి వైరి సమాసం, అంటే సంస్కృత పదానికి పరాయి పదాన్ని అతికించిన పొసగని కూర్పు, అంటారు. ‘భద్రతా బలగాలు’, ‘భద్రతా సిబ్బంది’ అని అందరూ రాస్తున్న కాలంలో నేను ఆ కర్ర పట్టుకోను.

ఇక మద్దతు, సాయం. మద్దతుకు మూలమైన అరబీ మాట ‘మదద్’కు సాయం అనే అర్థం. తెలుగులో మాత్రం ఆ రెండూ విడిపోయాయి. మద్దతు మాటలో, ఓటులో, వైఖరిలో ఉంటుంది. పలుకుతాం, ప్రకటిస్తాం, ఉపసంహరిస్తాం. సాయం చేతికి అందాలి. ఒక దేశం మద్దతు పలికి, ఒక్క తూటా కూడా పంపకపోవచ్చు. అందుకే ‘6,100 కోట్ల డాలర్ల మద్దతు’ అనే శీర్షిక నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో అమెరికా చట్టసభ ఆమోదించిన ఆ మొత్తం సాయమే. అందులోనూ ఒక భాగం అమెరికా తన సొంత ఆయుధ నిల్వలను తిరిగి నింపుకోవడానికి పోయేది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. 2024–27 సంవత్సరాలకు యూరోపియన్ యూనియన్ ఉక్రెయిన్‌కు కేటాయించిన 5,000 కోట్ల యూరోలలో 3,300 కోట్లు రుణం, 1,700 కోట్లు మాత్రమే తిరిగి ఇవ్వనక్కరలేని గ్రాంటు. మొత్తాన్నీ ‘సాయం’ అని రాస్తే దానం చేసినట్టు ధ్వనిస్తుంది. ‘ఆర్థిక సాయం’ అని శీర్షిక పెట్టినా, రుణమెంతో మొదటి పేరాలోనే చెప్పాలి. ఈ అప్పులు ఎంత కాలం వెంటాడతాయో బ్రిటన్‌ను అడగాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో అమెరికా నుంచి తీసుకున్న రుణం చివరి వాయిదాను అది 2006 డిసెంబరులో కట్టింది.

సంస్కృతంలో ‘సహాయుడు’ అంటే వెంట నడిచేవాడు, తోడు. మహాభారతం ఉద్యోగపర్వంలో కృష్ణుడి ముందు దుర్యోధనుడు, అర్జునుడు నిలబడ్డ ఘట్టాన్ని ఈ పాత అర్థంతోనూ, ఇప్పటి ‘సాయం’ అర్థంతోనూ చదివి చూడండి. ఒకరికి సేన దొరికింది, అది మన వార్తల భాషలో ఆయుధ సాయం. రెండోవారికి ఆయుధం పట్టనన్న మనిషి దొరికాడు, ఆయన పాత అర్థంలో సహాయుడు.

దన్ను అంటే వెనక నిలబడిన బలం. దాన్ని చూసుకుని ముందున్నవాడు తెగిస్తున్నాడనే సూచన అందులో ఉంది. వత్తాసులో నేరుగా తీర్పే ఉంది: అవతలివాడిది తప్పని తెలిసీ వెనకేసుకొస్తున్నాడని. సంపాదకీయంలో వత్తాసు రాయండి, అభ్యంతరం లేదు. వార్తలో రాస్తే విలేఖరి న్యాయమూర్తి కుర్చీలో కూర్చున్నట్టే.

చివరగా ఓటింగు. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో రష్యా దాడిని ఖండించే తీర్మానానికి 141 దేశాలు అనుకూలంగా, 5 వ్యతిరేకంగా ఓటు వేశాయి. 35 దేశాలు తటస్థంగా ఉన్నాయి. భారత్, చైనా ఆ 35లోనివే. 193 సభ్యదేశాల్లో మిగిలిన 12 ఓటింగులోనే లేవు. గైర్హాజరు అనే మాట వాడదలిస్తే ఆ 12కు వాడుకోవచ్చు. భారత ప్రతినిధి సభలో ఉన్నారు, తమ వైఖరిని వివరించారు కూడా. ఉన్న మనిషిని లేడనడం భాషా దోషం కాదు, వాస్తవ దోషం.

ఈ తేడా వల్ల చరిత్ర మలుపు తిరిగిన సందర్భమూ ఉంది. చైనా స్థానం ఎవరిదనే వివాదంలో అలిగి సోవియట్ యూనియన్ 1950 జనవరి నుంచి భద్రతా మండలికి రావడం మానేసింది. జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. దక్షిణ కొరియాకు తోడ్పడాలన్న తీర్మానం మండలిలో నెగ్గింది. అడ్డుకోవడానికి వీటో ఉన్న సోవియట్ ప్రతినిధి అక్కడ లేడు. అసలైన గైర్హాజరు అది. ఆగస్టులో ఆయన తిరిగి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

తటం అంటే గట్టు. తటస్థుడు గట్టున నిలబడి ప్రవాహాన్ని చూస్తుంటాడు, చోటు వదిలి వెళ్లిపోడు. ఆ లెక్కన కురుక్షేత్ర యుద్ధంలో బలరాముణ్ణి తటస్థుడనడం కూడా సగమే సరి. ఏ పక్షమూ చేరకపోవడం తాటస్థ్యమే. కానీ యుద్ధం జరుగుతుండగా ఆయన తీర్థయాత్రల్లో ఉన్నాడు కనుక గైర్హాజరు కూడా. శీర్షికలో చోటు చాలదన్నది ఉపసంపాదకులు నాకు తరచూ చెప్పే కారణం. ‘తటస్థం’ మూడక్షరాలు, ‘గైర్హాజరు’ నాలుగు.