పాఠకుల ప్రశ్నలు: డెల్టాలో రేవు ఒక్కచోట ఉండదు

ప్రశ్న: సార్, నేను మెహదీపట్నంలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రిళ్లు ఒక ఫాంటసీ నవల రాస్తున్నా. కథంతా ఓ పెద్ద నది సముద్రంలో కలిసేచోట ఉన్న ముత్యాలరేవు అనే కల్పిత నగరంలో జరుగుతుంది. ఆరు వందల ఏళ్లు ఒకటే రాజవంశం, నది ఒడ్డున రాతికోట, కోట గోడ దాకా వచ్చి ఆగే పెద్ద పెద్ద ఓడలు. చదివిన ఫ్రెండ్స్ మాత్రం "బాగుంది గానీ నమ్మబుద్ధి కావట్లేదు" అంటున్నారు. ఎక్కడ తేడా కొడుతోంది?

జవాబు: మీ రాజులు బాగానే ఉన్నారు, నదితోనే చిక్కు. ఆరు వందల ఏళ్లు ఒకే ఒడ్డు పట్టుకుని కదలకుండా కూర్చుంది. డెల్టాలో నది అలా ఉండదు. పైనుంచి మోసుకొచ్చిన ఒండ్రునంతా, నేల చదునై నీటి వేగం తగ్గగానే, అక్కడే దింపేస్తుంది, అలా తన పాయని తనే పూడ్చుకుని, పల్లం ఎటుంటే అటు ఇంకో పాయ తీస్తుంది. సముద్రం వైపు కొత్త నేల పెరుగుతూ పోతే ఒకప్పటి రేవు పొలాల మధ్య ఊరైపోతుంది. అందుకని డెల్టా రేవు చరిత్ర ఒక్క ఊరితో అయ్యేది కాదు, వరసగా మూడు నాలుగు ఊళ్లు కావాలి. మీ ముత్యాలరేవుకి ముందు ఒక పాత రేవు ఉండాలి, అక్కడి షావుకార్లు ఇప్పటికీ "అసలు రేవు మాది" అని గొప్పలు పోతుండాలి. కాస్త దూరంలో ఇంకో పల్లె లేస్తూ ఉండాలి, దాన్ని చూసి మీ నగరం వాళ్లకి టెన్షన్ పట్టుకోవాలి.

మన కృష్ణా తీరమే చూడండి. క్రీ.శ. 2వ శతాబ్దంలో టోలెమీ అనే భూగోళ పండితుడు ఇక్కడ కొంటకోస్సిల అనే వర్తక కేంద్రం ఉందని రాశాడు, అది ఘంటసాలే అని చరిత్రకారులు గుర్తించారు. ఇవాళ ఘంటసాల వెళ్తే బౌద్ధ స్తూపం శిథిలాలు, చుట్టూ వరిచేలు, సముద్రం ఊసే ఉండదు. కాకతీయుల నాటికి పెద్ద రేవు మోటుపల్లి, గోల్కొండ నవాబుల నాటికి బందరు. గోదావరి వైపు కోరింగదీ ఇదే కథ. ఓడలు కట్టిన ఊరు, బర్మాకి కూలీలు బయల్దేరిన రేవు, ఇప్పుడు అక్కడికి మడ అడవులు చూడ్డానికి వెళ్తున్నాం. వ్యాపారం కాకినాడకి పోయింది. తమాషా ఏంటంటే, కోరింగని పూడ్చిన ఆ గోదావరి ఇసుకే హోప్ ఐలాండ్‌గా మేటవేసి, కాకినాడ రేవుకి అలల నుంచి అడ్డుగోడలా నిలబడింది.

ఇక ఓడలు కోట గోడ దాకా రావడం. కుదరదండీ, నది మొగలో ఇసుక దిబ్బలుంటాయి, పెద్ద ఓడ అడుగు తగిలి కూర్చుండిపోతుంది. బందరులో కూడా పెద్ద ఓడలు ఒడ్డుకి దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి, సరుకంతా చిన్న పడవల్లో ఎక్కించి దించాల్సిందే. మన తూర్పు తీరంలో ఆ పనికి వాడిన పడవల పలకల్ని మేకులతో కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు, అలల దెబ్బకి వంగుతాయే గానీ విరగవు. ఇప్పుడు ఆలోచించండి, ఇలాంటి ఊళ్లో అసలు పవర్ ఎవరి చేతిలో ఉంటుంది? ఆటుపోట్లు, దిబ్బలు తెలిసిన పడవవాళ్ల చేతిలో. వాళ్లు రెండ్రోజులు పనిలోకి రాకపోతే మీ మహారాజు ఖజానా ఆగిపోతుంది. మీరు పంపిన నవల సారాంశంలో మంత్రులు, సేనాపతులు అందరూ ఉన్నారు, పడవవాడు ఒక్కడూ లేడు! రాతికోట కావాలంటే ఉంచుకోండి గానీ, ఒండ్రు నేలలో రాయి దొరకదు కాబట్టి ఎగువ నుంచి ఎవరు మోసుకొచ్చారో ఒక వాక్యం రాయండి.

రాజవంశం సంగతి కూడా చెప్పేస్తా. డబ్బున్న రేవుని ఎవరూ అన్నాళ్లు ప్రశాంతంగా ఉండనివ్వరు. బందరు 1687లో గోల్కొండతో పాటు మొఘలుల చేతికి పోయింది, తర్వాత నిజాం, 1750లో ఫ్రెంచివాళ్లు, 1759లో ఇంగ్లీషువాళ్లు. జెండా ఎవరిదైనా గొడవంతా సుంకం మీదే. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ మోటుపల్లిలో కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం. అంతకుముందు రాజులు తుఫానుకి కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల్లో సరుకంతా లాక్కునేవాళ్లు, తను మాత్రం న్యాయమైన సుంకం తప్ప ఏదీ ముట్టనని విదేశీ వర్తకులకి అందులో మాటిచ్చాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పయ్యో వంతు. ప్రాణాలకన్నా ధనాన్ని ప్రియంగా చూసుకుని సముద్రం మీదికి వెళ్లేవాళ్ల మీద దయతో ఇది చేస్తున్నాననే అర్థంలో రాయించాడు కూడా. ఇంతకన్నా మంచి ప్లాట్ పాయింట్ మీకు దొరకదు: మాటిచ్చిన రాజు పోయాక కొడుకు ఆ మాట నిలబెట్టుకుంటాడా?

ఒక్కటి మాత్రం మార్చండి, ముత్యాలు, వజ్రాలతోనే నగరం నడుస్తుందని రాశారు. కొల్లూరు గనుల వజ్రాలు నిజమే, మన హైదరాబాద్ కార్వాన్ పేటలో వాటి బేరాలు జరిగినమాటా నిజమే, కానీ వజ్రాల మూట ఒక మనిషి నడుముకి కట్టుకుపోతాడు, దాంతో ఊరు బతకదు. ఊరిని బతికించేది బట్ట. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరుకి వచ్చింది ప్రధానంగా బట్టల కోసమే, ఎందుకంటే తూర్పు దీవుల్లో (ఇప్పటి ఇండోనేషియా వైపు) మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్లు మన అద్దకం బట్టలే అడిగేవాళ్లు. నేతగాళ్లు, అద్దకంవాళ్లు, ఎరుపు రంగునిచ్చే చిరివేరు తవ్వేవాళ్లు, బండ్లవాళ్లు, అప్పులిచ్చే కోమట్లు, వీళ్లంతా వస్తేనే మీ బజారులో జనం కనిపిస్తారు.

ప్రశ్న: మాది బందరు, ఇప్పుడు వనస్థలిపురంలో ఉంటున్నాం. 1864 ఉప్పెనతోనే మా రేవు పోయిందని ఇంట్లో పెద్దవాళ్లు అనేవారు. ఒక్క రాత్రిలో ఒక రేవు చచ్చిపోతుందా?

జవాబు: ఊరు ఒక్క రాత్రిలో నాశనమవుతుందండీ, రేవు అంత తేలిగ్గా పోదు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. ఆ తీరంలో సముద్రం లోతు తక్కువ, నేల బల్లపరుపు, గాలి తోసిన నీళ్లు లోపలికి పొర్లితే ఆపేది ఏదీ ఉండదు, 1977లో దివిసీమలోనూ అదే జరిగింది. కానీ కోరింగ చూడండి, 1789లో తుడిచిపెట్టుకుపోయి మళ్లీ లేచింది, 1839లో మళ్లీ దెబ్బ తింది. లాభం ఉన్నన్నాళ్లు జనం మళ్లీ కట్టుకుంటారు. బందరు విషయంలో ఇంగ్లీషువాళ్ల పెద్ద ఆఫీసు ఎప్పుడో 1641లోనే మద్రాసుకి మారింది, మేట సమస్య పెరుగుతూనే ఉంది, 19వ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి అద్దకం వ్యాపారాన్ని దెబ్బకొట్టింది. అప్పటికే నీరసించిన రేవు మీద ఉప్పెన పడింది. ఇప్పుడు మంగినపూడి వైపు కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి కదా, అక్కడా ముందు చేయాల్సింది ఇసుక తవ్వడమే, ఆ తవ్వకం ఏటా సాగాల్సిందే.

ప్రశ్న: ఇలాంటి రేవుల గురించి పాత కాగితాలు హైదరాబాద్‌లో ఎక్కడైనా చూడొచ్చా?

జవాబు: తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, షాజహాన్, ఔరంగజేబు కాలం దక్కన్ కాగితాలు కూడా అక్కడ ఉన్నాయి. కాకపోతే పాతవి ఎక్కువగా పర్షియన్‌లో ఉంటాయి, అది రానివాళ్లు 17వ శతాబ్దంలో గోల్కొండ, బందరు చూసిన తావెర్నియే, తెవెనో లాంటి యాత్రికుల రాతలతో మొదలుపెట్టడం మేలు. ఆర్కైవ్స్‌కి వెళ్లేముందు అనుమతి కోసం ఏ లెటర్ కావాలో ఫోన్ చేసి కనుక్కోండి.