లాగిన్ తెర మరమ్మతు చేయబోయే మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుణుపూర్‌లో మీ మిత్రులంతా కలిసి ల్యాబు కంప్యూటర్ల కోసం రాసుకున్న లాగిన్ ప్రోగ్రాములో లోపం బయటపడిందనీ, దాన్ని సరిచేసే పని నీ మీద పడిందనీ మీ అమ్మ చెప్పింది. లోపం పట్టుకున్న కుర్రవాడు ఏ మీటలు నొక్కాడన్న దానికంటే, ఆ క్షణంలో మీ ప్రోగ్రాము ఏమనుకుని తలుపు తీసిందన్నది ముందు తేల్చుకో.

2020లో ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలో ఇలాంటిదే బయటపడింది. మామూలు ఖాతా ఉన్నవాడు తన హోం డైరెక్టరీలోని ఒక సెట్టింగుల ఫైలును, ఎంత చదివినా తరగని డెవ్ జీరో అనే ప్రత్యేక ఫైలుకు లింకు చేసి భాష మారిస్తే, ఖాతాల వివరాలు చెప్పే అకౌంట్స్ సర్వీస్ దాన్ని చదువుతూ చిక్కుకుపోయేది. చదివేటప్పుడు ఆ సర్వీసు జాగ్రత్త కోసమే యంత్రమంతటి మీదా చెల్లే తన రూట్ అధికారాన్ని వదిలి ఆ వాడుకరి స్థాయికి దిగేది కనుక, వాడు దానికి సిగ్నల్ పంపి ఆపేయగలిగేవాడు. లాగిన్ తెరను నడిపే జీడీఎం ఆ తరువాత ఖాతాల జాబితా అడిగి, జవాబు రాకపోయేసరికి ఈ యంత్రంలో ఖాతాలే లేవని తీర్మానించుకుని, కొత్త కంప్యూటరుకు చూపే సెటప్ తెరను తెరిచి, అడ్మిన్ ఖాతా సృష్టించుకోనిచ్చేది. జవాబు రాకపోవడాన్నీ, లేదన్న జవాబునూ ఒకటిగా ఎంచడమే అక్కడి అసలు తప్పు. మీ కోడులో ప్రతి ఫంక్షనూ విఫలమైనప్పుడు ఏమి తిరిగి ఇస్తుందో వరుసగా చూసి, ఏమీ తేలనప్పుడు తీసుకునే డిఫాల్టు విలువ నిరాకరణే అయ్యేలా మార్చు.

పాస్‌వర్డు సరిపోయిందని, లినక్స్‌లో లాగిన్ తనిఖీలు చేసే పామ్ చెప్పగానే లోపలికి పంపకూడదు. ఖాతా గడువు తీరిందేమో చూసే రెండో పిలుపు కూడా చేసి, అదీ విజయమని చెప్పాకే సెషన్ తెరవాలి. దీన్ని మరిచిన కోడు నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

లోపాన్ని, కంప్యూటరు లోపలే నడిచే నకలు కంప్యూటరైన వర్చువల్ మెషీనులో నీ చేతులతో పునరావృతం చేసేవరకు ఒక్క వాక్యమూ దిద్దకు. ప్యాచ్, అంటే లోపాన్ని పూడ్చే సవరణ, చిన్నదిగా ఉండాలి. పనిలో పనిగా మిగతా కోడును చక్కబెట్టే కోరికను మరో రోజుకు వాయిదా వేసుకో. 2021 జనవరిలో లినక్స్ మింట్ అనే మరో సిస్టం వాడుకరి ఒకరి పిల్లలు బల్ల మీది కీబోర్డునూ, తెర మీది కీబోర్డునూ కలిపి ఎడాపెడా నొక్కగా స్క్రీన్‌సేవర్ కూలిపోయి, తాళం వేసిన డెస్క్‌టాప్ బయటపడింది. దానికి దారితీసింది, తెరనూ కీబోర్డునూ నడిపే ఎక్స్ సర్వర్‌లో వేరొక లోపాన్ని పూడ్చిన సవరణే. కనుక నీ సవరణ తరువాత తాళం తెరను మళ్ళీ పరీక్షించు. మన దగ్గర ఒడియా, తెలుగు, ఇంగ్లీషు లేఅవుట్లు మార్చుకుంటూ టైపు చేస్తారు కాబట్టి, మూడింటితోనూ చేయాలి. పిల్లలెవరైనా దొరికితే కీబోర్డు వాళ్ళకే అప్పగించు.

అప్‌డేట్ అన్ని ల్యాబులకూ చేరేదాకా వివరాలు బయట పెట్టవద్దు. ఏ తేదీన వెల్లడిస్తావో మాత్రం ఆ కుర్రవాడికి ముందే చెప్పు. లేకపోతే అతడే నలుగురికీ చెబుతాడు.

ప్యాచ్ సిద్ధమయ్యాక పెద్ద అక్షరాలలో అచ్చు వేయించి, ఆదివారం రైలెక్కి తీసుకురా. తెర మీద చదవడానికి ఇప్పుడు నా చూపు ఆనడం లేదు.

ఇట్లు,
మామయ్య