మష్రూమ్ పగడాలకు బోరు నీళ్లు, మైలుతుత్తం వద్దు

ప్రశ్న: వనామీ రొయ్యల సాగు చేస్తాం. ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టి, చెరువుకు తోడే బోరు నీళ్లే నింపాం. సెలినిటీ (నీటిలో ఉప్పు పాళ్లు) 24 పీపీటీ, అంటే లీటరుకు సుమారు 24 గ్రాములు. ఐదు మష్రూమ్ పగడాలు వేశాం. చేపలకు తెల్లచుక్కలు వస్తే చిటికెడు మైలుతుత్తం కలిపాం. ఇప్పుడు పగడాలు రూపాయి బిళ్లంత ముడుచుకుపోయాయి. ఒకటి రాయిని వదిలేసి తేలుతోంది. లైటు రోజంతా వేస్తున్నాం. ఏం చేయాలి?
– ఓ రైతు, విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు మైలుతుత్తం సంగతి. అది రాగి లవణం. చేపలు తట్టుకునే మోతాదు రాగి కూడా పగడానికి విషమే. పైగా అది రాళ్లకు, ఇసుకకు పట్టుకుని నెలల తరబడి కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగుతూ ఉంటుంది. చేపల తెల్లచుక్క పరాన్నజీవి వల్ల వచ్చేది, రొయ్యల తెల్లమచ్చ వైరస్‌తో దానికి సంబంధం లేదు. ఇకపై జబ్బు చేపను వేరే తొట్టిలోకి మార్చాకే మందు వేయండి. ఇప్పటికి ఫిల్టరులో 150 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ వల సంచిలో కట్టి పెట్టి, వారానికోసారి మార్చండి. రాగి కొంత లాగుతుంది. మిగతాది నీళ్లు మార్చితేనే పోతుంది.

ఇక బోరు నీళ్లు. వనామీ 5 పీపీటీలోనూ పెరుగుతుంది, ఈ పగడానికి మాత్రం 35 కావాలి. అంకె ఒక్కటి సరిపోతే చాలదు. బోరు నీళ్లలో పొటాషియం, మెగ్నీషియం సముద్రపు పాళ్లలో ఉండవు, చెరువుకు మినరల్స్ చల్లేది అందుకేగా! ఇస్కపల్లి కళ్లుప్పు కలిపినా లాభం లేదు. ఉప్పు గడ్డకట్టాక మెగ్నీషియం మిగిలిన చేదు నీళ్లలోనే ఉండిపోతుంది. అక్వేరియం షాపుల్లో దొరికే రీఫ్ సాల్ట్ (పగడాల ట్యాంకుకు వాడే ఉప్పు మిశ్రమం) తెచ్చి, ఆర్వో నీళ్లలో లీటరుకు 37 గ్రాముల చొప్పున, అంటే 20 లీటర్లకు 740 గ్రాములు కలిపి, ఒక రోజు గాలి పట్టించండి. రోజు విడిచి రోజు ట్యాంకులో 20 లీటర్లు తీసి ఇవి పోయండి. మొదటిసారికి సెలినిటీ ఒక పీపీటీకి కాస్త పైన పెరుగుతుంది, ఇరవై సార్లకు 34 దగ్గరకు చేరుతుంది. రాగి కూడా ఆ మేరకే పలచబడుతుంది. తొందరపడి ఒక్క రోజులో పెంచితే ఉన్నవీ పోతాయి.

ఆవిరైన నీటికి బదులు ఉత్త ఆర్వో నీళ్లే పోయాలి. అద్దం మీద గీత పెట్టుకుని రోజూ చూడండి. ఎండాకాలంలో ఫ్యాన్ పెడితే వేడి రెండు డిగ్రీలు తగ్గుతుంది గానీ ఆవిరి పెరుగుతుంది. 25–27 డిగ్రీలు మంచిది. మే నెలలో ఫ్యాన్‌తో అది కష్టం, నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమో ఏసీ గదో ఉండాలి.

ఆల్కలినిటీ (నీటి క్షారత) 150–180 పీపీఎం, అంటే లీటరుకు అన్ని మిల్లీగ్రాములు ఉండాలి, చెరువు కిట్‌తోనే చూసుకోవచ్చు. నైట్రేటు 5–20 పీపీఎం ఉంటే మేలు. సున్నాకు దించాలని చూడకండి, మరీ శుభ్రమైన నీళ్లలో ఇవి చిక్కిపోతాయి.

లైటు ఎనిమిది గంటలు చాలు. పగడం ఒంట్లోని నాచే ఎండతో దానికి తిండి వండిపెడుతుంది. వెలుగు మితిమీరితే ఆ నాచును వెళ్లగొట్టి తెల్లబడుతుంది. అందుకే వీటిని అడుగున, రాతి నీడ పక్కన, పంపు ధార నేరుగా తగలని చోట పెట్టాలి. అంచులు పైకి లేచి గిన్నెలా సాగితే వెలుతురు తక్కువైందని గుర్తు.

తేలుతున్నదాన్ని ఫెవిక్విక్‌తో అంటించకండి. జిగురు దాని బంకకు పట్టదు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేలి గోరంత రాతి ముక్కలు పరిచి, నోరు ఉన్న వైపు పైకి వచ్చేలా పగడాన్ని వాటి మీద వదిలి, పైన దోమతెర ముక్క రబ్బరుబ్యాండుతో బిగించండి. నీరు కదలని మూలలో పెడితే రెండు మూడు వారాల్లో ఏదో ఒక ముక్కను పట్టుకుంటుంది. అప్పుడు ఆ రాతి ముక్కను పెద్ద రాయికి అంటించుకోవచ్చు. కుళ్లు వాసన వస్తే మాత్రం వెంటనే తీసి పారేయండి.

మిగిలినవి విప్పారేదాకా కొత్తవి కొనకండి. కొనేటప్పుడు కింద తడిమి చూడండి, మెత్తగా ఉండాలి. రాతి పలకలు తగిలితే అది ఫంజియా అనే రాతి పగడం. దాన్నీ మష్రూమ్ అనే అమ్ముతారు గానీ, రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షిత జీవులు. ఇంట్లో ఉంచుకున్నా కేసే.