సిగ్నల్ దగ్గర ఆగితే కారు వణుకుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది 2015 మోడల్ పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు. రోడ్డు మీద వెళ్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఆగామంటే స్టీరింగూ సీటూ వణుకుతాయి, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఒక మెకానిక్ ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) మార్చమన్నాడు, ఇంకొకాయన ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మేవి) అన్నాడు. ఎవరి మాట వినాలి?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వద్దు. ఇంజిన్ బాగా వేడెక్కాక న్యూట్రల్‌లో పెట్టి, ఏసీ ఆపి, ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా పెట్రోల్ కార్లకు అది 700 నుంచి 850 మధ్యలో ఎక్కడో ఒకచోట కదలకుండా నిలబడాలి. ముల్లు నిలకడగా ఉండి బండి మాత్రమే ఊగుతుంటే మౌంటింగుల మీద అనుమానపడొచ్చు. ముల్లే పైకీ కిందికీ ఆడుతుంటే తేడా ఇంజిన్ లోపలే ఉంది, మౌంటింగులు మార్చడం డబ్బు దండగ.

మీరు చెప్పినదాన్ని బట్టి నా మొదటి అనుమానం థ్రాటిల్ బాడీ మీద, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం మీద. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజిన్‌కు గాలి అందేది అక్కడి సన్నటి సందులోంచే. ఏళ్ల తరబడి పట్టిన నల్లటి మసి ఆ సందును మూసేస్తుంది. పైగా ఏసీ కంప్రెసర్ బరువు పడగానే ఇంజిన్‌కు ఇంకాస్త గాలి కావాలి, అది అందక తడబడుతుంది. స్పీడులో థ్రాటిల్ బాగా తెరుచుకుంటుంది కాబట్టి మీకు రోడ్డు మీద తేడా తెలియదు. థ్రాటిల్ క్లీనర్ స్ప్రే, మెత్తటి గుడ్డ ఉంటే పని అయిపోతుంది, కానీ ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే లోపలి రేకును వేలితో బలవంతంగా తిప్పొద్దు. క్లీన్ చేశాక కొన్ని బండ్లకు స్కానర్‌తో ఐడిల్ (కాలు తీసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) మళ్లీ సెట్ చేయాల్సి వస్తుంది, అది ముందే మాట్లాడుకోండి.

అదే చేత్తో ఇంజిన్ మీది రబ్బరు పైపులన్నీ వంపుల దగ్గర నొక్కి చూడమనండి. పైకి బాగానే కనిపిస్తూ అడుగున చీలిపోయి ఉంటాయి, చెవి పెడితే 'స్‌స్' మని గాలి పీల్చే చప్పుడు వినిపిస్తుంది.

ఇవి కాకపోతే స్పార్క్ సంగతి. మీ బండికి ఓబీడీ స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టొచ్చు. పి0302 అనే కోడ్ వస్తే రెండో సిలిండర్ సరిగా మండట్లేదని అర్థం. ఒక్కో స్పార్క్ ప్లగ్గుకు ఒక్కో కాయిల్ (ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది) ఉన్న బండి అయితే రెండో కాయిల్ మూడోదాని మీద, మూడోది రెండోదాని మీద పెట్టి మళ్లీ నడపండి, కోడ్ పి0303 అయితే దొంగ దొరికినట్టే, స్పేర్ పార్టుల షాపులుండే రాణీగంజ్ వెళ్లి ఆ ఒక్క కాయిల్ తెచ్చుకుంటే చాలు. కోడ్ కదలకపోతే ప్లగ్గు విప్పండి. ప్లగ్గు గుంటలో ఆయిల్ ఉంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైమూత కింద ఆయిల్ కారకుండా ఆపే సీలు) పోయినట్టు. నీళ్లు ఉన్నాయా, వాషింగ్ సెంటర్‌లో కుర్రాడు బానెట్ ఎత్తి ప్రెజర్ గన్ కొట్టిన పుణ్యం.

చెక్ ఇంజిన్ లైటు మినుకుమినుకుమంటుంటే మాత్రం నడపొద్దు. మండని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది, దాని ఖర్చు ముందు ఇవన్నీ చిల్లర.

ఇంజెక్టర్లు ఇవన్నీ చూశాకే. స్కానర్ పెట్టకుండానే ఇంజెక్టర్లు అన్నాయన్ని ఏ సిలిండర్‌దో అడగండి, ఏం చెప్తాడో చూద్దాం.