ప్లాన్‌లో లేని అంతస్తుకు డబ్బు కట్టకు

బుజ్జీ,

మీరు కొందామనుకుంటున్న ఇంటివి నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు మూడుసార్లు చూశాను. ఇల్లు బాగుంది, కాదనను. హైదరాబాద్ నాగోల్‌లో, మెట్రోకి నడిచి వెళ్లేంత దూరం, రెండు వందల గజాలు, తూర్పు ముఖం. మీ అమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, అద్దెలతోనే సగం ఈఎంఐ వెళ్లిపోతుందట" అని మురిసిపోయింది. నాకు అనుమానం వచ్చింది అక్కడే. ఓనరు చెప్పిన అద్దెల్లో మూడో అంతస్తుదీ, పెంట్‌హౌస్‌దీ కలిపి 22,000 ఉంది. నువ్వు పంపిన 2013 నాటి పర్మిషన్ కాపీలో మాత్రం గ్రౌండ్ ప్లస్ టూ అనే ఉంది. అంటే ఐదు శ్లాబుల ఇంట్లో మూడింటికే పర్మిషన్.

ఫోన్‌లో చెబితే నువ్వు సగం వింటావు, ఆ సగంలో సగమే అల్లుడుగారికి చేరుతుంది. అందుకే రాస్తున్నాను. ఇద్దరూ కూర్చుని చదవండి.

ముప్పై ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసి బతికినవాణ్ణి. "పర్మిషన్ కోసం ఇలా గియ్యండి, కట్టేటప్పుడు చూసుకుందాం" అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేను పార్కింగ్ అని రాసిన చోట తర్వాత షాపు షట్టరు కనిపించేది. మెట్ల మీద హెడ్‌రూమ్ అని చిన్న డబ్బా గీస్తే, ఏడాది తిరిగేసరికి అక్కడ రెండు పడగ్గదుల పెంట్‌హౌస్ ఉండేది. అందుకని ఇల్లు చూడటానికి ముందు నేను ప్లాన్ చూస్తాను. ఓనరు ఇచ్చిన జిరాక్సు కాదు. మునిసిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ సెక్షన్ నుంచి సర్టిఫైడ్ కాపీ తెప్పించండి. ఓనరు "ఎందుకండీ, నా దగ్గరుందిగా" అంటే సమాచార హక్కు కింద మీరే అడగండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. అదే దరఖాస్తులో ఆ ఇంటికి నోటీసులేమైనా ఇచ్చారా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ప్లాన్ ప్రకారం కట్టారు, ఇక ఉండొచ్చు అని మునిసిపాలిటీ ఇచ్చే కాగితం, ఇచ్చారా అని కూడా రాయండి. నెల ఆగితే ఇల్లు పోతుందని బ్రోకరు తొందరపెడతాడు. పోతే పోనివ్వండి.

ప్లాన్ చేతికొచ్చాక టేపు పట్టుకుని వెళ్లాలి. ప్రహరీ గోడ నుంచి ఇంటి గోడ దాకా నాలుగు వైపులా కొలిచి, ప్లాన్‌లో రాసిన సెట్‌బ్యాక్‌తో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీతో, సరిచూడండి. చాలామంది కింద కొలిచి ఊరుకుంటారు. తలెత్తి చూడాలి. కింద నాలుగడుగులు వదిలి, పై అంతస్తు నుంచి శ్లాబు బయటికి లాగి, దాని మీద గోడ కట్టి గదిలో కలిపేస్తారు. నువ్వు పంపిన నాలుగో ఫొటోలో పక్కింటి కిటికీకీ ఈ ఇంటి గోడకీ మధ్య చెయ్యి పట్టేంత సందే కనిపించింది నాకు. ఓనరు చెప్పే 1,350 అడుగుల ఫ్లోరు అలా వచ్చిందే అయ్యుంటుంది. ప్లాన్ ప్రకారం అయితే 1,100 దాటదని నా అంచనా.

ఇక ఆయన "బీఆర్ఎస్ కట్టేశాం" అన్నాడని రాశావు. ఆ పేరు వింటే ఇప్పుడు అందరికీ పార్టీ గుర్తొస్తుంది గానీ, ఇది 2015 నవంబర్‌లో వచ్చిన బిల్డింగుల క్రమబద్ధీకరణ స్కీము. ఆ ఏడాది అక్టోబర్ 28 నాటికి కట్టేసిన వాటికే వర్తిస్తుందన్నారు. తర్వాత అది హైకోర్టుకెక్కి నిలిచిపోయింది. కాబట్టి ఆయన బీరువాలో ఉన్నది అప్లికేషన్ రసీదు, ఆర్డరు కాదు. పైగా మూడో అంతస్తు ఆ తేదీకి ఉందో లేదో కూడా తెలుసుకోవాలి. దానికి ఒక చిన్న కిటుకు ఉంది. మూడో అంతస్తు కరెంటు మీటరు సర్వీసు నంబరు తీసుకుని, కనెక్షన్ ఏ తేదీన ఇచ్చారో కరెంటాఫీసులో అడగండి. మనుషులు తేదీలు మర్చిపోతారు, మీటరు మర్చిపోదు. ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కాగితం చూపిస్తే అది స్థలానికి సంబంధించింది, ఇంటికి కాదు. ఇంటి పన్ను రసీదు చూపిస్తే అదీ చెల్లదు. పర్మిషన్ లేని కట్టడానికి పెనాల్టీ వేసి మరీ పన్ను తీసుకుంటారు, పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు.

"రిజిస్ట్రేషన్ అయిపోతుంది కదా మావయ్యా" అంటావేమో. అయినా అవ్వొచ్చు. కట్టడం ప్లాన్ ప్రకారం ఉందని రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇవ్వదు. రేపు నోటీసు వస్తే అమ్మినాయన పేరున రాదు, మీ పేరున వస్తుంది.

బ్యాంకు సంగతి ముందే తేల్చుకోండి. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, ఆక్యుపెన్సీ లేదా కంప్లీషన్ సర్టిఫికెట్ చూశాకే బ్యాంకులు ఆ కట్టడం మీద అప్పివ్వాలని చెప్పింది. కట్టి ఎన్నేళ్లయిందన్నదీ, ఎంత ఖర్చుపెట్టారన్నదీ అక్రమ కట్టడానికి రక్ష కాదని కూడా అదే తీర్పులో ఉంది. బ్యాంకు ఇంజినీరు వచ్చి పర్మిషన్ ఉన్న మూడు ఫ్లోర్లకే విలువ కడితే, మిగతాది మీరు చేతి నుంచి తేవాలి. ఓనరు అప్పుడు "పైవాటికి క్యాష్ ఇవ్వండి" అంటాడు. ఒప్పుకోకండి. క్యాష్‌గా ఇచ్చిందానికి కాగితం ఉండదు, రేపు వెనక్కి అడగడానికి ఆధారమూ ఉండదు.

ఇప్పుడు అసలు లెక్క. ఆయన 2 కోట్ల 90 లక్షలు అడుగుతున్నాడు. అక్కడ గజం లక్ష అని నువ్వే చెప్పావు, అంటే స్థలం రెండు కోట్లు. పర్మిషన్ ఉన్న మూడు ఫ్లోర్లు ఒక్కోటి 1,100 అడుగులు, పాత కట్టుబడి కాబట్టి అడుగుకి 1,500 వేసుకున్నా యాభై లక్షల లోపే. మొత్తం రెండున్నర కోట్లు. మిగిలిన నలభై లక్షలు పైన ఉన్న రెండు శ్లాబుల ధర. నీ చేత ఆ నలభై లక్షలు కట్టించనివ్వను. ఆ రెండు శ్లాబులకి నా లెక్కలో సున్నా. కూల్చాల్సి వస్తే ఆ ఖర్చు కూడా మీదే, కాబట్టి సున్నా కంటే తక్కువే.

ఇంకో పని చెయ్యండి. ఆ 22,000 అద్దె రాదనుకుని, మీ ఇద్దరి జీతాలతోనే ఈఎంఐ వేసి చూడండి. పిల్ల ఫీజులు, మీ అత్తగారి మందులు పోను కట్టగలిగితే బేరం మాట్లాడండి. కట్టలేకపోతే రెండున్నర కోట్లకి ఇచ్చినా వద్దు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నేనూ ఒకసారి పడ్డాను. మల్కాజిగిరి ఇల్లు కొన్నప్పుడు వెనక సెట్‌బ్యాక్‌లో పాత ఓనరు వంటిల్లు పెంచి ఉన్నాడు. నాకు చూడగానే తెలిసింది. "అందరూ అలాగే కట్టుకున్నారు" అనుకుని దానికీ కలిపే డబ్బిచ్చాను. ఆరేళ్ల తర్వాత వెనకింటివాళ్లతో డ్రైనేజీ దగ్గర మాటామాటా వచ్చింది. వాళ్లు కంప్లయింట్ ఇచ్చారు. నోటీసు వచ్చిన రోజు మీ అత్తయ్య పులిహోర కలుపుతోంది. నెల తిరక్కుండా నా చేత్తో నేనే గోడ పగలగొట్టించాను. ఇప్పటికీ ఆ వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు హాల్లో ఉండాలి. ఆవిడ ఆ మాట వారానికోసారి గుర్తు చేస్తుంది. ఆఫీసరు వచ్చి కనిపెడతాడని భయపడక్కర్లేదు, ఎక్కువసార్లు పక్కింటివాళ్లే కనిపెడతారు. అందుకని కొనేముందు ఇరుగుపొరుగుతో టీ తాగి మాట్లాడండి. ఈ ఇంటి మీద ఎవరికి కోపం ఉందో వాళ్లే చెబుతారు.

తేడాలన్నీ ఒకటి కాదు. బాల్కనీకి గ్రిల్ పెట్టి మూసినా, మేడ మీద రేకులషెడ్డు వేసినా నేను పట్టించుకోను, తీసెయ్యాలంటే ఒక పూట పని. అదనపు ఫ్లోరు, మూసేసిన పార్కింగ్, ముందు వైపు మింగేసిన సెట్‌బ్యాక్ మాత్రం అలా సర్దుకునేవి కావు. చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు), దాని చుట్టూ ఏమీ కట్టకుండా వదలాల్సిన బఫర్‌లోనో ఉంటే ఇక ఇల్లు చూడటానికి కూడా వెళ్లకండి. 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్. చెరువుల్లో ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024 జులైలో వచ్చాక ఏం జరుగుతోందో టీవీలో మీరే చూస్తున్నారు.

కాగితాల కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది పిల్లర్లు. మూడు శ్లాబులకు వేసిన పిల్లర్ల మీద ఐదు శ్లాబులు, పైన నీళ్ల ట్యాంకు, పెంట్‌హౌస్‌లో బాత్రూములు. పైన కట్టాలన్న ఆలోచనతో ముందే పునాదులు గట్టిగా వేశారా, లేక మేడ మీద వదిలిన తుప్పు చువ్వలకి కొత్త చువ్వలు కట్టి లేపారా అన్నది బయటికి కనబడదు. స్ట్రక్చరల్ డ్రాయింగులు అడగండి. ఉండవనే నా నమ్మకం. లేకపోతే స్ట్రక్చరల్ ఇంజినీరుని తీసుకెళ్లి గ్రౌండ్ ఫ్లోర్ పిల్లర్లకి హ్యామర్ టెస్ట్ (కాంక్రీటు ఎంత గట్టిగా ఉందో చూసే పరీక్ష) చేయించండి, అవసరమైతే ఒకచోట ప్లాస్టరింగ్ కొట్టి చువ్వలు చూడమనండి. ఓనరు ఒప్పుకోకపోతే అదే జవాబు అనుకోండి. పాపని ఆ ఇంట్లో పడుకోబెట్టేది మీరు.

ఇన్ని చూశాక కూడా ఇల్లు నచ్చి, ధర దిగితే, అగ్రిమెంటులో పర్మిషన్ ఉన్న విస్తీర్ణం ఎంతో, లేనిది ఎంతో విడివిడిగా రాయించండి. నోటీసులు, కోర్టు కేసులు ఏవీ లేవని ఆయన చేత రాయించండి, లోన్ రాకపోతే అడ్వాన్స్ పూర్తిగా వెనక్కిచ్చేలా కూడా. ఇది బ్రోకరు తెచ్చిన అచ్చు ఫారం మీద కాదు, మీ లాయరు రాయాలి.

ఈ ఆదివారం పొద్దున్నే నేను వస్తున్నాను. టేపు నా దగ్గరుంది. పెంట్‌హౌస్ తాళం కూడా తెచ్చి పెట్టమని ఓనరుకి చెప్పు, "అద్దెకున్నవాళ్లు ఊరెళ్లారు" అనే కబురు నాకొద్దు. అప్పటిదాకా టోకెన్ అని చెప్పి వెయ్యి రూపాయలు కూడా ఫోన్‌పే చెయ్యకండి.

మీ మావయ్య